దవడ విరిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ముఖం, దవడ ఎముకలకు ఆపరేషన్లు చేసే డాక్టర్ని. క్యాజువాలిటీ బయట బెంచీ మీద కూర్చున్న అన్నదమ్ములు, డిశ్చార్జి కాగితం చేతిలో పట్టుకుని "ఇంతకీ ఏం పెట్టాలి డాక్టర్ గారూ" అని వెనక్కి వచ్చే అమ్మలు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసే భార్యలు, అందరూ అడిగేవి ఈ ప్రశ్నలే. హడావిడిలో చెప్పిన జవాబు సగమే గుర్తుంటుంది. అందుకే వాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు రాసి, ఒక్కోదానికి జవాబు పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం అందరూ చదవాలి. దెబ్బ తగిలాక పళ్ళు మునుపటిలా కలవడం లేదంటే, నొప్పి తక్కువున్నా, వాపు తగ్గిపోయినా, కాదని స్కాన్‌లో తేలేదాకా దవడ విరిగిందనే అనుకోండి.

## దెబ్బ తగిలిన మొదటి గంటల్లో

దవడ విరిగిందా, ఉత్త దెబ్బేనా? ఇంట్లో ఎలా తెలుసుకోవాలి?

వెనక పళ్ళు ఆనేలా నెమ్మదిగా నోరు మూయమని, "ఎప్పటిలాగే కలుస్తున్నాయా?" అని అడగండి. ఎవరి పళ్ళ కలయిక వాళ్ళకు బాగా తెలుసు. వెంట్రుకంత తేడా వచ్చినా పట్టేస్తారు. "ఒక పక్కే తగులుతున్నాయి", "ముందు పళ్ళ మధ్య సందు వచ్చింది", "నా పళ్ళు కానట్టు ఉంది" అన్నారంటే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే.

ఇంకొన్ని గుర్తులున్నాయి. కింది పెదవి, గడ్డం ఒక పక్క మొద్దుబారడం. నాలుక పైకెత్తితే కింద నల్లగా, ఊదాగా రక్తం గడ్డకట్టి కనిపించడం. పళ్ళ వరసలో ఒకచోట మెట్టులా ఎత్తుపల్లం, అక్కడే చిగురు చీలి రక్తం. నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకు లాగడం. చెవి ముందు నొప్పి, ఒక్కోసారి చెవిలోంచి రక్తం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి.

నోట్లోంచి రక్తం ఆగట్లేదు. ముందు ఏం చేయాలి?

ముందు ఊపిరి చూడండి, రక్తం సంగతి తర్వాత. స్పృహలో ఉంటే కూర్చోబెట్టి ముందుకు వంగమనండి. రక్తం, ఉమ్మి బయటికి కారిపోవాలి. పాపం నొప్పిగా ఉందని వెల్లకిలా పడుకోబెడతారు, అప్పుడు అదంతా గొంతులోకి పోతుంది. స్పృహ లేకపోతే తల, మెడ, ఒళ్ళు ఒకేసారి తిరిగేలా ఇద్దరు ముగ్గురు కలిసి పక్కకు తిప్పండి. మెడ ఎముకకు కూడా దెబ్బ తగిలి ఉండొచ్చు కాబట్టి మెడ ఒక్కటే మెలిపెట్టకూడదు.

నోట్లో పైకి కనిపిస్తున్న పన్ను ముక్క, పళ్ళ సెట్టు ఉంటే తీసేయండి. కనిపించని దానికోసం వేళ్ళు పెట్టి వెతకొద్దు. కింది దవడ ముందు భాగం రెండు పక్కలా విరిగితే నాలుకకు ఆధారం పోయి వెనక్కి జారుతుంది. గురకలాంటి శబ్దం వస్తున్నా, మనిషి కూర్చోలేక ఆయాసపడుతున్నా అది నిజమైన ఎమర్జెన్సీ. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. ఐసు గుడ్డలో చుట్టి బయటి నుంచి పది నిమిషాలు పెట్టొచ్చు. మంచినీళ్ళు, టీ, జ్యూస్ ఏమీ పట్టకండి. అదే రోజు మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి.

తువాలుతో దవడ గట్టిగా కట్టి తీసుకెళ్ళొచ్చా?

గట్టిగా కట్టొద్దు. వాంతి వచ్చినా, రక్తం నిండినా నోరు తెరుచుకోక ప్రాణం మీదికి వస్తుంది. స్పృహలో ఉన్న మనిషి తన అరచేతిని గడ్డం కింద ఆనించి పట్టుకుంటే చాలు, సగం నొప్పి తగ్గుతుంది.

పన్ను ఊడి రోడ్డు మీద పడింది. తెచ్చుకోవాలా?

తెచ్చుకోండి. తెల్లగా కనిపించే పై భాగాన్నే పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు, తోమొద్దు, సబ్బు పెట్టొద్దు. చిన్న గ్లాసు చల్లని పాలలో వేసి తీసుకురండి. గంటలోపు తెస్తే మళ్ళీ నాటుకునే అవకాశం బాగుంటుంది. పాలపన్ను అయితే మళ్ళీ పెట్టం. పన్ను దొరక్కపోతే ఆ మాట డాక్టర్‌కి తప్పక చెప్పండి. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీస్తాం.

కాసేపు స్పృహ తప్పింది, రెండుసార్లు వాంతి అయింది. ముందు తల చూపించాలా, దవడ చూపించాలా?

తల. దవడ నాలుగు రోజులు ఆగుతుంది, తలలో రక్తస్రావం ఆగదు. దవడ విరిగేంత దెబ్బ తగిలిందంటే తలకి, మెడకి కూడా తగిలిందేమో చూడాల్సిందే. ముక్కులోంచి నీళ్ళలా పల్చగా కారుతుంటే ముక్కు చీదొద్దు, దూది కుక్కొద్దు. అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

## ఎక్కడ విరుగుతుంది, ఎందుకు విరుగుతుంది

కింది దవడలో ఎక్కువగా ఎక్కడ విరుగుతుంది?

కింది దవడ గుర్రపు నాడాలా వంగిన ఒకే ఎముక. రెండు కొసలూ చెవుల ముందు కీళ్ళ దగ్గర పుర్రెకు ఆనుకుని ఉంటాయి. దానిలో కొన్ని బలహీనమైన చోట్లున్నాయి. మొదటిది చెవి ముందున్న కీలు మెడ, సన్నగా ఉంటుంది. రెండోది దవడ మూల, అంటే చెవి కింద ఎముక మలుపు తిరిగే చోటు. అక్కడ బయటికి రాని జ్ఞానదంతం ఇరుక్కుని ఉంటే ఎముకలో ఆ మేర ఖాళీ ఉన్నట్టే. మూడోది గడ్డానికి కాస్త పక్కన, కోరపన్ను దగ్గర. కోరపన్ను వేరు పొడుగు, అందుకని అక్కడ ఎముక పల్చబడుతుంది. పక్క పళ్ళ కింద ఉండే భాగం, సరిగ్గా గడ్డం మధ్య కూడా విరుగుతాయి. చెంప ఎముక చాటున ఉండే పైమొన విరగడం మాత్రం అరుదు.

దెబ్బ గడ్డానికి తగిలితే చెవి దగ్గర విరిగిందంటున్నారు. రిపోర్టు తప్పా?

తప్పు కాదు. గాజు వంకీని ఒక పక్క నొక్కితే రెండో పక్క కూడా పగులుతుంది చూడండి, అలాంటిదే ఇది. గడ్డం నేలకు కొట్టుకున్నప్పుడు ఆ బలం ఎముక వెంట పైకి పోయి కీళ్ళ మెడల దగ్గర విరుస్తుంది. పరేడ్‌లో గంటలకొద్దీ నిలబడిన సైనికులు కళ్ళు తిరిగి నేరుగా గడ్డం మీద పడటం వల్ల గడ్డంతో పాటు రెండు కీళ్ళూ విరగడాన్ని ఇంగ్లిషు డాక్టర్లు 'గార్డ్స్‌మన్ ఫ్రాక్చర్' అన్నారు. మా దగ్గర అదే దెబ్బతో వచ్చేవాళ్ళు బైకు మీంచి ఎగిరిపడినవాళ్ళు, మెట్ల మీద జారినవాళ్ళు. అందుకే ఒకచోట విరిగినట్టు కనిపిస్తే రెండోచోటు కోసం వెతకడం మాకు అలవాటు. గడ్డం కింద కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్ళిపోయి, కీలు విరిగిందని నెల తర్వాత తెలుసుకున్నవాళ్ళను చూశాను. గడ్డం కింద చీలిన ప్రతి గాయానికీ చెవుల ముందు కూడా నొక్కి చూడమని అడగండి.

మన దగ్గర దవడలు ఎక్కువగా దేనివల్ల విరుగుతున్నాయి?

రోడ్డు ప్రమాదాలు, అందులోనూ టూవీలర్లు. ఆ తర్వాత కొట్లాటలు, ఎత్తు నుంచి పడటం. పతంగులు ఎగరేస్తూ డాబా మీంచి పడ్డ పిల్లలు, తాటిచెట్టు మీంచి జారిన గీత కార్మికులు, ఎద్దు కొమ్ము తగిలిన రైతులు, వెనక సీట్లో కూర్చుని చున్నీ చక్రంలో చిక్కుకున్న ఆడపిల్లలు, అందరూ మా వార్డులో పడుకుని వెళ్ళినవాళ్ళే. మూర్ఛ వచ్చి గడ్డం మీద పడేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకు దవడతో పాటు మూర్ఛ మందుల సంగతి కూడా చూడాలి. లేదంటే మళ్ళీ పడతారు.

ఇంకో కారణం గురించి ఎవరూ మాట్లాడరు. "బాత్‌రూమ్‌లో జారిపడింది" అని చెప్పి భర్త పక్కనే నిలబడి ఉంటాడు. ఆవిడ కళ్ళు దించుకుని ఉంటుంది. అలాంటప్పుడు ఆవిడతో ఒంటరిగా మాట్లాడతాం. ఇంట్లో కొడితే విరిగిన దవడ అయితే డాక్టర్‌కి నిజం చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181 ఎప్పుడైనా పనిచేస్తుంది.

హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. అయినా దవడ ఎలా విరిగింది?

ఏ హెల్మెట్ అని అడుగుతాం. సగం హెల్మెట్, ముఖం తెరిచి ఉండే హెల్మెట్ తలను కాపాడతాయి గానీ గడ్డానికి వాటిలో ఏ అడ్డూ లేదు. గడ్డం ముందు గట్టి పట్టీ ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ కావాలి. స్ట్రాప్ పెట్టుకోకపోతే ఆ హెల్మెట్ కూడా మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది.

పై దవడ కూడా విరుగుతుందా?

విరుగుతుంది, కానీ దానికి పెద్ద దెబ్బ కావాలి. పై దవడ ఏయే గీతల వెంట విరుగుతుందో ఫ్రాన్స్‌లో రెనే లె ఫోర్ట్ అనే సర్జన్ 1901లో మృతదేహాల మీద పరిశీలించి చెప్పాడు. ఇప్పటికీ మీ రిపోర్టులో 'లె ఫోర్ట్ 1, 2, 3' అని రాసేది ఆ పేరే. ఒకటో రకంలో పళ్ళు, అంగిలి ఉన్న భాగం ఊడి కదులుతుంది. రెండో రకంలో ఆ విరుపు ముక్కు దూలం దాకా పిరమిడ్‌లా పోతుంది. మూడో రకంలో ముఖం ఎముకలన్నీ పుర్రె నుంచి విడిపోతాయి. రెండు, మూడు రకాల్లో కళ్ళ చుట్టూ నల్లగా కమిలి ముఖం బాగా ఉబ్బుతుంది. మెదడు ద్రవం కారే ప్రమాదం ఉంటుంది కాబట్టి న్యూరోసర్జన్, కంటి డాక్టర్ కూడా చూడాలి.

పెద్దగా దెబ్బే తగల్లేదు. నములుతుంటే టక్కుమని విరిగింది. అలా జరుగుతుందా?

జరుగుతుంది. ఎముక లోపల నీటితిత్తి గానీ, గడ్డ గానీ పెరిగి గుల్ల చేసి ఉంటే చిన్న ఒత్తిడికే విరుగుతుంది. లోతుగా ఇరుక్కున్న జ్ఞానదంతం తీసిన కొన్ని వారాల్లో గట్టి పదార్థం కొరికి విరగ్గొట్టుకునేవాళ్ళు అరుదుగా ఉంటారు. ఎముకల బలానికి, క్యాన్సర్‌కి ఇచ్చే కొన్ని మందులు చాలాకాలం వాడినా దవడ ఎముక దెబ్బతినొచ్చు. ఇలాంటి కేసులో విరిగింది అతికించడంతో పని అయిపోదు, అసలు జబ్బేంటో ముక్క తీసి పరీక్ష చేయించాలి.

## ఆసుపత్రిలో

ఏ డాక్టర్‌కి చూపించాలి? ఎముకల డాక్టరా, పళ్ళ డాక్టరా?

ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కి. పళ్ళ వైద్యంలో బీడీఎస్ డిగ్రీ తర్వాత ఈ విభాగంలో ఎండీఎస్ చేసినవాళ్ళు. ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈ విభాగం ఉంటుంది: హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. కొన్ని చోట్ల ప్లాస్టిక్ సర్జన్లు కూడా చేస్తారు. ప్రమాదం పెద్దదైతే ముందు అన్ని విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళండి, డెంటల్ సర్జన్‌ని అక్కడికి పిలుస్తారు.

ఎక్స్‌రే తీశారు కదా, మళ్ళీ సీటీ స్కాన్ ఎందుకు?

దవడ మొత్తాన్ని ఒకే ఫిల్ములో పరిచినట్టు చూపించే ఓపీజీ ఎక్స్‌రేతో చాలా కేసుల్లో పని జరుగుతుంది. కానీ కీలు మెడ ఎటు ఒరిగిందో, పై దవడ, కంటి గూడు ఎముకలు ఎలా ఉన్నాయో సీటీలోనే స్పష్టంగా తెలుస్తుంది. డబ్బు గుంజడానికి రాశారేమోనని అనుమానం వస్తే, "ఇది చూస్తే ఆపరేషన్‌లో ఏం మారుతుంది?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

పుత్తూరు కట్టు కట్టించుకుంటే అతుక్కోదా?

ఇది వారానికి ఒకరైనా అడుగుతారు. కాలు, చెయ్యి విరిగినప్పుడు మన పెద్దవాళ్ళు అక్కడికే వెళ్ళారు, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. దవడ సంగతి వేరు. కాలు ఎముక కొద్దిగా అటూ ఇటూ అతుక్కున్నా మనిషి నడుస్తాడు. దవడ ఒక మిల్లీమీటరు తేడాతో అతుక్కున్నా పళ్ళు కలవవు. బయటి నుంచి కట్టే కట్టు ఏదీ పళ్ళను వాటి చోట నిలబెట్టలేదు. పైగా పళ్ళున్న చోట విరిగిన ఎముక చిగురు చీలి నోట్లోకి తెరుచుకుని ఉంటుంది. ఉమ్మిలోని క్రిములు లోపలికి పోతాయి. పైన పసరు కట్టు, లోపల చీము.

ఒకాయన మూడు వారాలు కట్టుతో ఉండి వచ్చాడు. వాపు లేదు, నొప్పి లేదు, "నయమైంది, కానీ..." అన్నాడు. నోరు మూయమంటే కుడివైపు చివరి రెండు పళ్ళే తగిలాయి. మిగతా నోరంతా వేలు పట్టేంత సందు. పప్పన్నం నమలకుండా మింగుతున్నాడు. చివరికి ఆ అతుకును మళ్ళీ విడదీసి ప్లేట్లు వేయాల్సి వచ్చింది. మొదటి వారంలో వచ్చి ఉంటే గంటన్నరలో అయిపోయే పని.

వాపు తగ్గాక ఆపరేషన్ చేద్దామన్నారు. ఆలస్యం చేస్తున్నారా?

ఊపిరికి ఇబ్బంది లేకపోతే, రక్తం ఆగితే కొన్ని రోజులు ఆగడం మామూలే. ఈలోపు యాంటీబయాటిక్స్, నొప్పి మందులు, విరిగిన ముక్కలు కదలకుండా పళ్ళకు తాత్కాలికంగా తీగ, మౌత్‌వాష్ నడుస్తుంటాయి. కానీ రెండు వారాలు దాటితే ఎముక తప్పు చోట అతుక్కోవడం మొదలవుతుంది. తేదీ చెప్పకుండా "చూద్దాం" అంటుంటే గట్టిగా అడగండి.

ఆపరేషన్ లేకుండా నయం కాదా?

కొన్ని కేసుల్లో అవుతుంది. ఎముక పగిలినా కదలకుండా, పళ్ళు సరిగ్గా కలుస్తుంటే మెత్తటి ఆహారం, జాగ్రత్తగా గమనించడం చాలు. కొంచెం కదిలితే పై పళ్ళకు, కింది పళ్ళకు ఆర్చ్‌బార్ అనే లోహపు పట్టీ కట్టి, రెండింటినీ తీగలతో గానీ రబ్బర్లతో గానీ కలిపి బిగిస్తాం. పళ్ళు సరైన చోట కలిశాయంటే వాటి వెనకే ఎముక కూడా తన చోటికి వస్తుంది. పెద్దవాళ్ళకు మామూలుగా 4 నుంచి 6 వారాలు ఉంచాలి. కీలు మెడ విరిగినప్పుడు మాత్రం అంతకాలం ఉంచం, రెండు వారాల చుట్టూనే తీసేసి రబ్బర్లతో కదలిక మొదలుపెడతాం. కీలు ఎక్కువ రోజులు కదలకపోతే బిగుసుకుపోతుంది.

మూర్ఛ అదుపులో లేనివాళ్ళకు, ఆస్తమా తీవ్రంగా ఉన్నవాళ్ళకు, మద్యం మానలేనివాళ్ళకు నోరు బిగించడం మంచిది కాదు. ఈ విషయాలు డాక్టర్ దగ్గర దాచకండి.

ప్లేట్లు వేస్తామన్నారు. అదెలా చేస్తారు?

పూర్తి మత్తు ఇచ్చి, ఊపిరి గొట్టం ముక్కులోంచి వేస్తారు. నోట్లో వేస్తే పళ్ళు కలిపి చూసుకోవడానికి మాకు వీలవదు. ముందు పళ్ళను కలిపి కడతాం, ఆ తర్వాతే ఎముక ముక్కలను చేర్చి చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తాం. సన్నని ప్లేటును సరైన గీత మీద పెడితే చాలని 1970లలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన షాంపీ బృందం చూపించాక, లావు ప్లేట్లు, ముఖం మీద పెద్ద కోతలు చాలా తగ్గాయి. ప్లేట్లు వేశాక చాలామందికి నోరు బిగించి ఉంచాల్సిన అవసరం ఉండదు, లేదా కొద్దిరోజులు రబ్బర్లు చాలు.

పెళ్ళి కుదిరిన పిల్ల. ముఖం మీద మచ్చ పడుతుందా?

చాలా కేసుల్లో కోత నోటి లోపలే, చిగురు పక్కన ఉంటుంది. బయట ఏమీ కనిపించదు. కీలు దగ్గర ఆపరేషన్‌కి మాత్రం చెవి ముందు మడతలో గానీ, దవడ కింద గానీ కోయాల్సి రావచ్చు. అక్కడ ముఖాన్ని కదిలించే నరం ఉంటుంది. కొందరికి కొన్ని వారాలు పెదవి గానీ కనుబొమ గానీ సరిగ్గా లేవదు, ఎక్కువమందికి తిరిగి వస్తుంది.

విరిగిన గీతలో ఉన్న పన్ను పీకేస్తారా?

గట్టిగా ఉంటే ఉంచుతాం. వేరు విరిగినా, చీము ఉన్నా, ఎముక చేరడానికి అడ్డంగా ఉన్నా తీసేస్తాం.

## ఇంటికి వచ్చాక

నోరు కట్టేశారు. ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

ఆకలి కంటే ముందు భయం పోవాలి. చివరి పన్ను వెనక, చెంపకీ ఎముకకీ మధ్య సందు ఉంటుంది, ద్రవం అక్కడి నుంచి లోపలికి పోతుంది. 20 మిల్లీలీటర్ల సిరంజికి మెత్తటి రబ్బరు గొట్టం ముక్క తగిలించి, చెంప లోపల ఆనించి కొద్దికొద్దిగా వదలండి. మొదటిరోజు సగం గడ్డం మీదే కారుతుంది. మూడో రోజుకి అలవాటవుతుంది, గ్లాసుతోనే జుర్రుకుంటారు.

జావ, గంజి ఒక్కటే పెడితే మనిషి నీరసించిపోతాడు. మాంసకృత్తులు కావాలి. పప్పుకట్టులో నెయ్యి వేయండి. మజ్జిగ, పాలు, రాగి జావలో పాలు, వేరుశనగలు నానబెట్టి రుబ్బి వడకట్టిన పాలు, చికెన్ ఉడికించి మిక్సీ పట్టి వడకట్టిన సూప్, బాగా ఉడికించిన గుడ్డు పాలతో కలిపి మిక్సీ పట్టింది, ఇవన్నీ పోతాయి. తప్పక వడకట్టండి, ఒక్క కరివేపాకు ముక్క తీగల్లో ఇరుక్కుంటే రోజంతా చిరాకే. రోజుకి మూడుసార్లు కాదు, రెండు గంటలకోసారి. మూడు నాలుగు కిలోలు తగ్గడం మామూలే, అంతకంటే వేగంగా తగ్గితే చెప్పండి. షుగర్ ఉన్నవాళ్ళు జ్యూసులు, గ్లూకోజ్ తగ్గించి, మందుల మోతాదు డాక్టర్‌తో సరిచూసుకోవాలి.

వాంతి వస్తే? ఊపిరాడక చచ్చిపోతానేమోనని రాత్రి నిద్ర పట్టట్లేదు.

ఈ భయం ప్రతి ఒక్కరికీ ఉంటుంది. మీరు తాగుతున్నవన్నీ ద్రవాలే కాబట్టి వాంతి కూడా పల్చగా వస్తుంది, పళ్ళ సందుల్లోంచి, చెంప పక్క నుంచి బయటికి పోతుంది. ముందుకు వంగండి, చెంపను వేలితో బయటికి లాగి పట్టుకోండి, ముక్కుతో ఊపిరి తీసుకోండి. తర్వాత నీళ్ళతో కడుక్కోండి.

అయినా ఊపిరి అందకపోతే తీగలు కత్తిరించాలి. డిశ్చార్జి రోజునే ఏ తీగలు కత్తిరించాలో అద్దంలో చూపించమని అడగండి: పై పట్టీకి, కింది పట్టీకి మధ్య నిలువుగా ఉన్నవి. వైర్ కట్టర్ దిండు పక్కన, బయటికెళ్తే జేబులో ఉండాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా అది వాడటం తెలిసి ఉండాలి. రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే నిద్ర కూడా పడుతుంది.

తీగలుంటే పళ్ళు ఎలా తోముకోవాలి?

చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో బయటివైపు, తిన్న ప్రతిసారీ. తర్వాత గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, రోజుకి రెండుసార్లు డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్. తీగ కొస పెదవికి గుచ్చుకుంటే దాని మీద డెంటల్ మైనం ఉండలా చేసి అద్దండి.

మాత్రలు ఎలా వేసుకోవాలి?

సిరప్ ఉంటే సిరప్ రాయించుకోండి. అన్ని మాత్రలూ నూరకూడదు. నెమ్మదిగా కరిగేలా చేసిన బీపీ, షుగర్ మాత్రలు నూరితే మోతాదంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ఫార్మసిస్టుని అడిగి నూరండి.

సిగరెట్, గుట్కా, మందు ఎన్నాళ్ళు మానాలి?

ఎముక అతికేదాకా ఒక్కటి కూడా వద్దు. పొగ ఎముకకు రక్తం అందనివ్వదు, గుట్కా కుట్ల మీద కూర్చుంటుంది. మందు తాగి పడితే ఏమవుతుందో మీకే తెలుసు. ప్లేటు చుట్టూ చీము పట్టి మళ్ళీ వచ్చేవాళ్ళలో ఇవి మానలేనివాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఆరు వారాలు ఎలాగూ మానారు కదా, అటే ఉండిపోండి.

ఎప్పుడు వెంటనే తిరిగి రావాలి?

జ్వరం, తగ్గిన వాపు మళ్ళీ పెరగడం, నోట్లో చెడువాసనతో చీము, తీగ తెగి ముక్కలు కదలడం, పళ్ళ కలయిక మళ్ళీ మారడం, మింగడం కష్టమవడం. మెడ ఉబ్బి ఊపిరి బరువైతే ఓపీ టైం కోసం చూడకండి.

## పిల్లలు, పెద్దవాళ్ళు

మా పాపకి ఐదేళ్ళు. మెట్ల మీంచి పడి దవడ విరిగింది. ప్లేట్లు వేస్తారా?

వీలైనంతవరకు వేయం. ఆ వయసులో దవడ ఎముక నిండా రాబోయే పళ్ళ మొలకలు ఉంటాయి, స్క్రూ వాటికి తగలొచ్చు. పళ్ళ అచ్చు తీసి తొడుగు లాంటి స్ప్లింట్ చేసి రెండు మూడు వారాలు కడతాం. పిల్లల ఎముక త్వరగా అతుకుతుంది.

కానీ కీలు దగ్గర దెబ్బ అయితే తేలిగ్గా తీసుకోకండి. పిల్ల ఏడుస్తుందని నోరు కదపనివ్వకపోతే కీలు ఎముకగా మారి బిగుసుకుపోవచ్చు. అప్పుడు నోరు తెరుచుకోదు, దవడ ఆ పక్క ఎదగదు, గడ్డం వెనక్కి, ఒక పక్కకి పోతుంది. ఇలా వచ్చిన పదేళ్ళ పిల్లలను చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఎందుకంటే ఎప్పుడో చిన్నప్పుడు గడ్డం మీద పడ్డారని, కుట్లు వేయించి మర్చిపోయామని తల్లి చెబుతుంది. నోటి వ్యాయామం రోజూ చేయించండి, ఎదుగుదల ఆగేదాకా ఏటా ఒకసారి చూపించండి.

తాతయ్యకి పళ్ళే లేవు. ఆయన దవడ దేనికి కట్టి సరిచేస్తారు?

ఆయన కట్టుడు పళ్ళ సెట్టు విరిగినా సరే పారేయకుండా తీసుకురండి. దాన్నే స్ప్లింట్‌గా వాడి దవడను నిలబెట్టొచ్చు. పళ్ళు పోయాక దవడ ఎముక అరిగి పెన్సిలంత సన్నబడుతుంది. అలాంటప్పుడు సన్న ప్లేట్లు ఆగవు, బలమైన ప్లేటు కావాలి, ఒక్కోసారి వేరేచోటి నుంచి ఎముక తెచ్చి పెట్టాలి. రక్తం పల్చబడే మందులు, ఎముకల మందులు ఏవి వాడుతున్నారో చీటీలతో సహా చూపించండి.

## ఖర్చు, కేసు

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ముఖం ఎముకల కేసు వర్తిస్తుందో లేదో ఆ ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను చేరిన రోజే అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే కష్టం. రోడ్డు ప్రమాదమైతే 2025లో కేంద్రం తెచ్చిన నగదురహిత చికిత్స పథకం ఉంది: గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల దాకా.

ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) రాయొద్దని బతిమాలాం. ఎందుకు రాస్తారు?

ప్రమాదం, కొట్లాట కేసుల్లో రాయడం డాక్టర్ బాధ్యత. అది మీకే ఉపయోగం: ఇన్సూరెన్స్‌కీ, నష్టపరిహారానికీ ఆ కాగితమే ఆధారం. కొట్టినందువల్ల ఎముక గానీ పన్ను గానీ విరిగితే చట్టం దాన్ని తీవ్రమైన గాయంగా చూస్తుంది. ఇంతకుముందు ఐపీసీ 320, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 116.

రోడ్డు మీద పడినవాడిని నేను తీసుకొచ్చాను. నన్ను కేసులో ఇరికిస్తారా?

లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్ళకు రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మీరు తెచ్చినందుకే అతను బతికి ఉండొచ్చు.

## వారాలు, నెలల తర్వాత

కింది పెదవి ఇంకా మొద్దుగానే ఉంది. ఎప్పటికి వస్తుంది?

పెదవికి స్పర్శనిచ్చే నరం కింది దవడ ఎముక లోపలి నుంచే పోతుంది, విరిగినప్పుడు అది నలుగుతుంది. చీమలు పాకినట్టు, జివ్వుమన్నట్టు ఉంటే నరం కోలుకుంటోందని అనుకోవచ్చు. కొందరికి వారాల్లో, చాలామందికి నెలల్లో వస్తుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. అప్పటిదాకా వేడి టీ, కాఫీ జాగ్రత్త, కాలినా తెలియదు.

తీగలు తీసేశారు, కానీ నోరు రెండు వేళ్ళే తెరుచుకుంటోంది.

వారాలపాటు కదలని కండరాలు అంతే. ఐస్‌క్రీం పుల్లలు తెచ్చుకోండి. పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య ఎన్ని పడతాయో అన్ని దొంతరగా పెట్టి, మధ్యలోకి ఇంకొకటి మెల్లగా దూర్చండి. లాగినట్టుండాలి, కేక వచ్చేంత నొప్పి కాదు. అర నిమిషం ఉంచి తీయండి. రోజుకి ఐదారుసార్లు. ఒక డిగ్రీ కుర్రాడు గోడ మీద క్యాలెండర్‌లో రోజూ పుల్లల లెక్క రాసేవాడు. తొమ్మిదితో మొదలై, ఒక్కోవారం ఒక్కటే పెరిగి, మధ్యలో రెండు తగ్గి, చివరికి మూడు వేళ్ళు పట్టేదాకా వచ్చాడు. మూడు వేళ్ళంటే దాదాపు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, అది చాలు. గుట్కా వల్ల నోరు ముందే బిగుసుకుపోయి ఉన్నవాళ్ళకు ఇది కష్టం, డాక్టర్ పర్యవేక్షణలో చేయాలి.

ప్లేట్లు తీయించుకోవాలా? ఎంఆర్ఐ చేయించుకోవచ్చా?

చీము పట్టకపోతే, వదులవకపోతే, చలికి గుచ్చినట్టు బాధ లేకపోతే జన్మంతా ఉంచుకోవచ్చు. పిల్లలకు వేసినవి తీయడం గురించి డాక్టర్‌తో మాట్లాడండి. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు, ఎంఆర్ఐ మామూలుగా చేయొచ్చు. అయినా స్కాన్ ముందు చెప్పండి.

మళ్ళీ మామూలుగా ఎప్పుడు తినొచ్చు?

ప్లేట్లు వేసినా మొదటి 4 నుంచి 6 వారాలు నమిలే పని పెట్టుకోవద్దు. ముందు ద్రవాలు, తర్వాత మెత్తగా కలిపిన పెరుగన్నం, ఇడ్లీ పాలలో నానబెట్టి, ఉప్మా. ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేనన్నాక చపాతీ, కూరలు. చెరకు గడ, జంతికలు, మటన్ ఎముక కొరకడం లాంటివి మూడు నెలలు దాటాకే, మొదట విరగని పక్కతో.